లండన్‌లోనే ఉన్న రిచ్‌మండ్‌ని వేరే ఊరు అన్నట్టు ఎందుకు మాట్లాడతారు?

చాలాకాలం అది నిజంగానే వేరే ఊరు కాబట్టి. సర్రే కౌంటీలో ఉండేది, 1965లో గానీ గ్రేటర్ లండన్‌లో కలవలేదు.

ఊరు ఎదిగింది రాజుల చలవతో. థేమ్స్ ఒడ్డున షీన్ అనే చోట ఉన్న రాజభవనం 1497లో కాలిపోయింది. ఏడో హెన్రీ దాన్ని మళ్లీ కట్టించి, తనకు రిచ్‌మండ్ ఎర్ల్ అనే బిరుదు ఉండడంతో ఆ పేరే పెట్టాడు. మొదటి ఎలిజబెత్ రాణి 1603లో కన్నుమూసింది అక్కడే. ఇప్పుడు భవనం దాదాపు లేనట్టే. పాత గేట్‌హౌస్ మీద హెన్రీ రాజచిహ్నం మాత్రం చూడొచ్చు.

నన్నడిగితే అసలు కథ రిచ్‌మండ్ పార్కుది. మొదటి ఛార్లెస్ 1637లో వేటకోసం చుట్టూ గోడ కట్టించాడు. తర్వాత రెండో జార్జ్ కూతురు అమీలియా జనాన్ని లోపలికి రానివ్వకుండా ఆపేసింది. జాన్ లూయిస్ అనే బీరు తయారీదారు ఊరుకోలేదు. కోర్టుకెక్కి, 1758లో నడిచి వెళ్లే హక్కు గెలిచాడు. రాజు కూతురి మీదే! ఆ పార్కులో ఇప్పటికీ 600కు పైగా జింకలున్నాయి.

1846లో రైలు వచ్చాక లండన్ దగ్గరైంది. అయినా కొండ మీంచి కనిపించే నది మలుపు చెడకుండా 1902లో ఏకంగా చట్టమే చేశారు. 1777 నాటి రాతి వంతెన కూడా చెక్కుచెదరలేదు. లండన్‌లో థేమ్స్ మీద మిగిలిన వంతెనల్లో అదే పాతది.

వెళ్తే కారు మాత్రం ఒడ్డున ఆపకండి. సముద్రపు పోటు పెద్దగా వచ్చినప్పుడు నది నీళ్లు రోడ్డెక్కుతాయి.