టెక్ సందేహాలు: ఆర్సీ పేరుతో వచ్చే ఫైలును ముట్టుకోవద్దు

ప్రశ్న: మా నాయన నడిపిన 1972 బుల్లెట్‌ను ఇంట్లోనే బాగు చేసుకుంటున్నాను. ఇంజిన్ విప్పి రింగులు మార్చాను, ట్యాంకులో తుప్పు వదిలిస్తున్నాను. ఆర్సీ గడువు ఎప్పుడో అయిపోయింది. పాత బండ్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన ‘ఆర్సీ స్టేటస్’ అని ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) పెడితే ఇన్‌స్టాల్ చేశాను. ఏమీ తెరుచుకోలేదు, ఇప్పుడు ఐకాన్ కూడా లేదు. నిన్నటి నుంచి బ్యాంకు మెసేజ్‌లు రావడం లేదు. రీస్టార్ట్ చేస్తే సరిపోతుందా? – ఒక పాఠకుడు, కావలి

సరిపోదు. ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు మూడూ ఆపించండి. ఖాతాలో ఒక్క రూపాయి తగ్గినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత ఆలస్యమైతే ఆ డబ్బు అన్ని ఖాతాలు మారిపోతుంది.

ఇదే ఫిర్యాదు పేరు మార్చుకుని వస్తూనే ఉంది. మొన్న ట్రాఫిక్ చలానా, నిన్న పెళ్లి శుభలేఖ, ఇప్పుడు ఆర్సీ. లోపలి సరుకు ఒకటే. ఆ యాప్ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది, మనం ఇచ్చేస్తాం. కొన్నయితే మెసేజ్‌లకు తమనే ప్రధాన యాప్‌గా పెట్టమంటాయి. అక్కడితో ఓటీపీ వాళ్లకు చేరుతుంది, మీకు కనబడదు. మీ బ్యాంకు మెసేజ్‌లు ఆగిపోయాయంటే నాకు టెన్షన్ అందుకే.

కార్బ్యురేటర్‌లో వేసే చిన్న జెట్ కూడా నంబరు చూసి గానీ కొనని మనిషి, ఎవరు పంపారో తెలియని ఫైలును ఎలా ఇన్‌స్టాల్ చేస్తాడు? నాకు నిజంగా కోపం వస్తుంది. ఫోన్ల తయారీదారుల మీద ఇంకా ఎక్కువ కోపం. ఫోన్ తెర మీద ఫొటోలు చూడనివ్వమని అడిగే పెట్టే, ఓటీపీలు చదవనివ్వమని అడిగే పెట్టే చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండోదానికి ‘మీ డబ్బు పోవచ్చు’ అని పెద్ద అక్షరాల్లో, తెలుగులో చెప్పడానికి ఏం అడ్డం? ఏడాదికోసారి ఐకాన్ల రంగులు మార్చే అప్‌డేట్లకు మాత్రం తీరిక దొరుకుతుంది.

ఇక శుభ్రం చేయడం. ఐకాన్ దాక్కున్నా సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాలో అది ఉంటుంది. తీసేసినా నేనైతే ఆ ఫోన్‌ను నమ్మను. ఫొటోలు, కాంటాక్టులు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. పాత బ్యాకప్ నుంచి యాప్‌లు తెచ్చుకోవద్దు, ఒక్కొక్కటీ ప్లే స్టోర్ నుంచే వేసుకోండి. తర్వాత ##002# డయల్ చేయండి, కాల్స్ ఎటైనా మళ్లించి ఉంటే రద్దవుతాయి. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ చూసి, తెలియనివి తీసేయండి. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు మార్చండి. గ్రూపులో కూడా చెప్పండి. ఫైలు పెట్టినాయనకే ఆ సంగతి తెలియకపోవచ్చు. ఇలాంటివి ఒక ఫోన్‌లో చేరాక అందులోని నంబర్లకు వాటంతటవే వెళ్తుంటాయి.

ఆర్సీ పనికి పరివాహన్ వెబ్‌సైట్, మీ ఆర్టీఓ ఆఫీసు ఉన్నాయి. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది. పాత నంబరు ఉంచుకోవచ్చు. కానీ ఆ బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. కావలి నుంచి నెల్లూరుకు రోజూ దాని మీదే పోవాలనుకుంటే మామూలు రెన్యువల్ సంగతే అడగండి. ఇంకోమాట, ఆర్సీ, ఆధార్, ఛాసిస్ నంబరు ఫొటోలు ఆ గ్రూపుల్లో పెట్టకండి. స్పేర్ పార్టు అమ్మేవాడికి మీ ఆధార్‌తో పనేంటి?

ప్రశ్న: మా మామగారి 1968 జావాను మా ఆయన బాగు చేయించారు. దొంగల భయంతో జీపీఎస్ ట్రాకర్ కొన్నాం. వైర్లు కలిపినా ఆన్ కావడం లేదు. 12 వోల్టుల బ్యాటరీ వేస్తే పనిచేస్తుందని మెకానిక్ అంటున్నాడు. – ఒక పాఠకురాలు, ఒంగోలు

వద్దమ్మా. ఆ బండి 6 వోల్టులది. డైనమో, కాయిల్, బల్బులు అన్నీ దానికి తగ్గట్టే ఉంటాయి. ఒక్క బ్యాటరీ మారిస్తే బల్బులు మాడిపోతాయి, డైనమో దాన్ని చార్జ్ చేయలేదు. ట్రాకర్ పెట్టె మీద చూడండి, చాలావాటికి కనీసం 9 వోల్టులు కావాలి. దాన్ని వెనక్కి ఇచ్చేసి, సొంత బ్యాటరీతో నడిచే రకం తీసుకోండి. విప్పి ఇంట్లో చార్జ్ చేసుకోవచ్చు, పాత వైరింగును కదిలించక్కర్లేదు.

ఈ చౌక ట్రాకర్లంటే నాకు వేరే భయం ఉంది. చాలావాటి పాస్‌వర్డ్ ఫ్యాక్టరీలోనే 123456 అని పెట్టి పంపుతారు. అందులోని సిమ్ నంబరు తెలిసినవాడెవడైనా ఒక్క ఎస్సెమ్మెస్ కొడితే బండి ఎక్కడుందో మ్యాప్ లింకుతో సహా జవాబు వస్తుంది. కొన్నిటిలో మైకు కూడా ఉంటుంది, చుట్టుపక్కల మాటలు వినొచ్చు. దొంగకు భయపడి కొన్న వస్తువే దొంగకు దారి చూపిస్తుంది. కొన్నాక మొదటి పని పాస్‌వర్డ్ మార్చడం, మీ ఇద్దరి నంబర్లకు తప్ప జవాబివ్వకుండా సెట్ చేయడం. ఆ సెట్టింగ్ లేని ట్రాకర్‌ను కొనొద్దు. అది 2జీ ట్రాకర్ అయితే, 2జీ లేని కంపెనీ సిమ్ అందులో పనిచేయదు. సిమ్ మీ ఆయన పేరు మీదో మీ పేరు మీదో తీసుకోండి, మెకానిక్ పేరు మీద వద్దు.