తమ్ముడి గదికి తాళం వేయక తప్పదా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. నేను పెళ్లయి రావులపాలెంలో ఉంటున్నాను. తమ్ముడికి 31 ఏళ్లు. ఆరేళ్ల కిందట కాకినాడలో చూపిస్తే స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బన్నారు. మందులు వాడినన్నాళ్లూ బాగున్నాడు, కొబ్బరి ఒలుపుకు కూడా వెళ్లేవాడు. ఏడాదిగా మందులు మానేశాడు. ఎవరో తిడుతున్నారంటాడు, రాత్రిళ్లు కాలవ గట్టు మీద తిరుగుతాడు. నీళ్లలో పడతాడన్న భయంతో అన్నయ్య గదికి బయట తాళం వేస్తున్నాడు. ఊళ్లోవాళ్లు గాలి సోకిందని, పెళ్లి చేస్తే కుదురుతాడని అంటారు. అన్నయ్యేమో ఏదో ఆశ్రమంలో వదిలేద్దామంటున్నాడు. అమ్మకు 66. ఆవిడ తర్వాత వాణ్ణి ఎవరు చూస్తారు?

జవాబు: మీ అన్నయ్యది దుర్మార్గం అనుకోను. అర్ధరాత్రి కాలవ గట్టున మనిషి తిరుగుతుంటే ఇంట్లోవాళ్లకు తాళం తప్ప ఇంకేమీ తోచదు. అయినా ఆ తాళం తీయాల్సిందేనమ్మా. 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. నయమవుతుందన్న ఆశతోనే వాళ్లవాళ్లు అక్కడ ఉంచారు. తాళం తీసిన రాత్రి నుంచి కొన్నాళ్లు ఎవరో ఒకరు అతని దగ్గర పడుకోవాలి. అది అమ్మ ఒక్కదాని పని కాదు. మీరూ అన్నయ్యా వంతులు వేసుకోండి.

మీ ఉత్తరంలో నాకు కనపడని మాట ఒకటుంది. మందులు ఎందుకు మానేశాడో అతన్ని ఎవరైనా అడిగారా? ఈ మందులతో కొందరికి పగలంతా మత్తుగా ఉంటుంది, ఒళ్లు బిగుసుకుపోతుంది, చేతులు వణుకుతాయి, బరువు పెరుగుతారు. ఒలుపు పనిలో చెయ్యి వణికితే ఎంత ఇబ్బందో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటిదేదో ఉండి మానేసి ఉంటే దాన్ని మొండితనం అనకూడదు. డాక్టరుకు చెబితే మోతాదో, మందో మారుస్తారు. రోజూ మాత్ర మింగడమే గొడవైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి చేసే ఇంజక్షన్లు ఉన్నాయి. ఇంట్లో రోజూ "మాత్ర వేసుకున్నావా లేదా" అనే రభసే ఉండదు. తిట్లు, దెప్పుళ్లు ఎక్కువగా ఉన్న ఇళ్లలో ఈ జబ్బు త్వరగా తిరగబెడుతుందని పరిశోధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి.

ముందు 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. తర్వాత కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగానికి పాత చీటీలన్నీ పట్టుకుని వెళ్లండి. అతను రానంటే చేతులు కట్టి ఆటోలో పడేయొద్దు. తనకో ఎదుటివాళ్లకో ప్రమాదం ఉన్న స్థితిలో, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి అవసరమన్నాక, ఇంటివాళ్ల దరఖాస్తు మీద 30 రోజుల వరకు ఆసుపత్రిలో చేర్చుకునే వీలు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. ఇంట్లో బంధించి ఉంచడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

ఆశ్రమం సంగతి. మానసిక రోగులను ఉంచుకునే ఏ సంస్థ అయినా ఆ చట్టం కింద రిజిస్టరు కావాలి. మీ అన్నయ్య చూసిన చోట ఆ కాగితం చూపించమనండి, డాక్టరు ఎన్నాళ్లకోసారి వస్తారో అడగమనండి. నసిగితే గేటు దగ్గర నుంచే వెనక్కి వచ్చేయండి. గొలుసులు వేయడం ఎక్కడైనా నేరమే. అందరిలాగే సమాజంలో బతికే హక్కు అతనికి ఉందని కూడా ఆ చట్టమే చెప్పింది.

గాలి అన్నవాళ్లతో వాదించి లాభం లేదు. గుడికి వెళ్లండి, ప్రార్థన చేయించండి, కొట్టేవాళ్ల దగ్గరికి, పొగ పెట్టేవాళ్ల దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు. ఇక పెళ్లితో తగ్గే జబ్బు కాదిది. దాచి చేస్తే ఆ పెళ్లి కోర్టులో చెల్లకుండా పోవచ్చు, పైగా ఇంకో ఇంటి ఆడపిల్ల బతుకు కూడా ఇందులోకి లాగినట్టవుతుంది.

అతనికి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ కాగితం, ఉందో లేదో మీరు రాయలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది. గ్రామ సచివాలయంలో పరీక్షకు స్లాటు బుక్ చేయించండి. 40 శాతం, ఆపైన వస్తే ఎన్టీఆర్ భరోసా పింఛనుకు దరఖాస్తు పెట్టొచ్చు. ఆంధ్రలో దివ్యాంగులకు 2024 జూలై నుంచి నెలకు 6000 రూపాయలు ఇస్తున్నారు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. తన పని తాను చేసుకుంటాడా, మనుషులతో మాట్లాడతాడా, సంపాదిస్తాడా అని అక్కడ చూస్తారు. మన అమ్మలు పరువు కోసం "బాగానే ఉంటాడండీ, కాస్త కోపం అంతే" అని నవ్వేసి వస్తారు. అమ్మతో మీరు వెళ్లి, అతను బాగోలేని రోజులు ఎలా గడుస్తాయో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఊళ్లో అందరికీ చెప్పుకోనక్కర్లేదు. ఆశా కార్యకర్తకు, పక్కింటివాళ్లకు, కాలవ గట్టున ఉండే టీ కొట్టతనికి చెబితే చాలు: "రాత్రి కనపడితే తరమకండి, మాకు ఫోన్ చేయండి." పాత ఒలుపు మేస్త్రితో కూడా మాట్లాడి ఉంచండి. కుదుటపడ్డాక రోజుకు రెండు గంటల పనైనా మొదలుపెట్టనివ్వాలి. వరదల నెలల్లో మందులు నెలకు సరిపడా ముందే తెచ్చి పెట్టుకోండి, నీళ్లొచ్చి దారి తెగాక కాకినాడ వెళ్లడం అయ్యే పని కాదు.

అమ్మ తర్వాత ఎవరన్నది అతను లేకుండా మనం కూర్చుని తేల్చేది కాదు. అతను కుదురుగా ఉన్న రోజున అతన్నే అడగండి. వైద్యం విషయంలో తన తరఫున ఎవరు మాట్లాడాలో తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి ఇవ్వొచ్చు. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు. మీ పేరు రాస్తాడేమో, అన్నయ్య పేరే రాస్తాడేమో. ఇంట్లో, కొబ్బరితోటలో అతని వాటా మాత్రం అమ్మ ఉండగానే కాగితం మీదికి తెప్పించండి. లాయరు ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా చూస్తారు. అన్నయ్యను కూడా వెంట తీసుకెళ్లండి.