చెన్నై ఉక్కపోతలో షెర్లాక్ హోమ్స్ కోటు

ప్రశ్న: కాలేజీ ఫెస్ట్‌లో మా అమ్మాయిది షెర్లాక్ హోమ్స్ వేషం. ఆ కోటు కాటన్‌లో కుట్టించవచ్చా?
– ఒక పాఠకురాలు, మైలాపూర్, చెన్నై

జవాబు: నిక్షేపంగా కుట్టించండమ్మా. మద్రాస్ చెక్స్ అని లోకమంతా పిలిచేది మన గళ్ల బట్టనే కదా! బూడిద, గోధుమ గళ్లున్న మందపాటి చేనేత కాటన్ తీసుకోండి. లైనింగ్ వద్దు. భుజాల మీంచి మోచేతుల దాకా కేప్ (కోటు మీద వేలాడే పొట్టి పైవస్త్రం) జారుతుంది కాబట్టి చేతులు కుట్టక్కర్లేదు.

టోపీ అంటే నాకు ప్రాణం. ముందూ వెనకా అంచు ఉండాలి; చెవుల మీది మడతలు పైకెత్తి నడినెత్తిన రిబ్బన్‌తో ముడి వేయాలి. ఈ టోపీనే డీర్‌స్టాకర్ అంటారు; ఆ పేరు మాత్రం హోమ్స్‌ను సృష్టించిన రచయిత కోనన్ డాయిల్ తన కథల్లో ఎక్కడా రాయలేదు. 1891లో స్ట్రాండ్ పత్రికకు సిడ్నీ పేజెట్ వేసిన బొమ్మలోది అది. అదీ పల్లె ప్రయాణానికి. లండన్ వీధి సీనైతే పొడుగు నల్లటోపీ పెట్టించండి.