మే నెలలో మాత్రం వద్దు బిడ్డా

మంచిర్యాల

సుధా బిడ్డకు పెద్దమ్మ రాసేది.

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, ఈసారి ఎండాకాలం సెలవుల్లో నీ కొడుకు వేదుకు డైనోసార్ ఎముకలు చూపించడానికి గుజరాత్‌లోని రయ్యోలి పోతున్నారట. ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పిన మనిషిని, నా ఇంటి పిల్లలు మాల్‌కో రిసార్ట్‌కో కాకుండా శిలాజాలు చూడటానికి పోతున్నారంటే నాకు ఎంత సంతోషమో నీకు తెలుసు. కానీ ఫోన్ పెట్టేశాక 'మే నెల' అన్న మాట ఒక్కటే చెవిలో ఉండిపోయింది. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున లేవగానే కాగితం తీశాను.

మేలో పోకు. మిగతావి నువ్వు విన్నా వినకపోయినా పర్లేదు, ఇది మాత్రం విను. సంక్రాంతి సెలవుల్లో పోండి.

ఎందుకో చెప్తాను. మీ రవన్న చిన్నప్పటి సంగతి నీకు సగమే తెలుసు. 1989 మే నెల. వాడు మూడో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాడు. ప్రాణహిత, గోదావరి లోయలో యామనపల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్ళు తవ్వితే డైనోసార్ ఎముకలు బయటపడ్డాయనీ, దానికి ఆ ముందటి ఏడాదే కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారనీ తెలిసింది. మన దగ్గరి పల్లె పేరు డైనోసార్ పేరులో ఉండటమా! క్లాసులో పిల్లలకు చెప్పాను, ఇంటికొచ్చి రవికి చెప్పాను. "మనం డైనోసార్ ఊరికి పోదాం" అన్నాను. ఆ మాటే అన్నాను, నాకు బాగా గుర్తు. వాడు వారం రోజులు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో బొమ్మలు గీశాడు. మెడ ఎంత పొడుగుంటుంది, తోక ఎటు తిప్పుతుంది, మనల్ని చూస్తే ఏం చేస్తుంది అని ఒకటే ప్రశ్నలు.

చెన్నూరు దాకా బస్సు, అక్కడినుంచి జీపు. పులిహోర కట్టుకుని తీరిగ్గా బయల్దేరి, చేరేసరికి సరిగ్గా మిట్టమధ్యాహ్నం. అక్కడ ఏముంది? ఎర్రమన్ను, ఆకు రాలిన టేకు చెట్లు. మేకలు కాసే ఒక తాత చేయి చూపించి "గిక్కడ్నే తవ్విండ్రు బిడ్డా. బొక్కలన్నీ పట్నం తీస్కపోయిండ్రు" అన్నాడు. నేను ముందుగా ఎవరినీ అడగలేదు. రవి నమ్మలేదు. ఎక్కడో ఒకటి మిగిలే ఉంటుందని రాళ్ళు తిప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో రాయి పట్టుకొచ్చి "అమ్మా, ఇదా?" అంటాడు. "కాదు." "ఇదా?" "కాదు నాన్నా." గంటసేపు అదే. తెచ్చిన నీళ్ళు సగానికి వచ్చాయి. తిరుగు ప్రయాణానికి కావాలి కదా అని వాడు అడిగినప్పుడల్లా ఒక్కో గుక్కే పోశాను.

కాసేపటికి వాడు అడగడం మానేశాడు. మాట లేదు. ముఖం ఎర్రగా కందిపోయింది. వాడు అలిగాడనుకున్నాను. "ఇంత దూరం తీసుకొస్తే మూతి ముడుచుకుంటావా, మీ బాపు ఎంత ఖర్చు పెట్టారో తెలుసా" అని గట్టిగా తిట్టాను. పిల్లవాడు తలెత్తి నావైపు చూశాడు, నన్ను ఆనవాలు పట్టనట్టు. చేయి పట్టుకుంటే చర్మం పెనంలా కాలుతోంది, ఒక్క చెమట చుక్క లేదు. వడదెబ్బకు చెమట ఆగిపోతుందని క్లాసులో బోర్డు మీద రాసి చెప్పేదాన్ని నేనే. నా కొడుకు ఒంటి మీద అది కనబడితే అలక అనుకున్నాను. జీపు ఎక్కబోతూ కూలిపోయాడు. ఉన్న నీళ్ళన్నీ తల మీద పోసి, చీర కొంగు తడిపి చుట్టి, మీ పెద్దబాపు ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆస్పత్రికి పరుగు. రెండు రోజులు సెలైన్లు. మూడో రోజు పొద్దున కళ్ళు తెరిచి వాడన్న మొదటి మాట "ఇంక డైనోసార్ అడగనమ్మా, తిట్టకు" అని.

నిజంగానే అడగలేదు సుధా. ఆ నోట్‌బుక్ మళ్ళీ ముట్టలేదు.

కాబట్టి మే మాట మళ్ళీ ఎత్తకు. రయ్యోలి పక్కనున్న బాలాసినోర్ వైపు ఎండ మన మంచిర్యాల ఎండకు తీసిపోదు. రయ్యోలిలో చూడాల్సిన అసలు చోటు ఆరుబయట రాతి నేల. చలికాలంలో పోయినా పొద్దున్నే పో, టోపీ పెట్టు, మనిషికో నీళ్ళ సీసా ఉండాలి. పిల్లవాడు మాట తగ్గించాడంటే ముందు చేయి పట్టుకుని చూడు, ఆ తర్వాతే మాట అను.

రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు, తెరిచిన రోజే చేయించండి. సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్ పోయే రైలెక్కి వడోదరలో దిగితే మంచిది. అక్కడినుంచి బాలాసినోర్ తొంభై కిలోమీటర్లు అటూ ఇటూ. మ్యూజియానికి సెలవు ఏ రోజో ముందే కనుక్కోండి.

అల్లుడుగారి ప్లాన్ మీ అమ్మ చదివి వినిపించింది. ఐదు రోజుల్లో సోమనాథ్, ద్వారక, పటేల్ విగ్రహం, మధ్యలో రయ్యోలికి రెండు గంటలు! ఆయన మంచి మనసుతోనే వేసి ఉంటారు, అందరినీ తృప్తిపరచాలని. కానీ ఇందులో వేదు ట్రిప్ ఎక్కడుంది? ద్వారక ఆ రాష్ట్రం అవతలి కొస, పోవడానికే ఒక పగలంతా పడుతుంది. మీ అత్తగారి మోకాళ్ళు కూడా చూసుకోవాలి కదా. ఆవిడకు డాకోర్ గుడి సంగతి చెప్పు. భక్తుడు బోడాణా వెంట ద్వారక నుంచి ఎడ్లబండిలో తరలివచ్చిన కృష్ణుడే అక్కడ రణ్‌ఛోడ్‌రాయ్‌గా వెలిశాడని చెప్పుకుంటారు. బాలాసినోర్ నుంచి గంట ప్రయాణం. ఆవిడ కాదనరు. రయ్యోలికి మాత్రం ఒక రోజంతా ఉంచు.

ఇప్పుడు అసలు సంగతి. వేదు ఏం చూడబోతున్నాడో వాడికి ముందే నిజం చెప్పు. 2022 డిసెంబర్‌లో మా రిటైర్డ్ టీచర్లతో కలిసి నేనూ రయ్యోలి పోయాను. 2019లో పెట్టిన మ్యూజియంలో పెద్ద పెద్ద బొమ్మలున్నాయి, పిల్లలకు నచ్చుతాయి. కానీ బయట నిలబడ్డ డైనోసార్ ఏదీ ఉండదు. రాయిలో ఇరుక్కున్న ఎముక ముక్క, పక్కన మామూలు రాయి, రెండూ ఒకేలా కనిపిస్తాయి. గైడ్ లేకుండా మాత్రం తిరగొద్దు. మా గైడ్ ఒకచోట మోకాళ్ళ మీద కూర్చుని వేలితో ఒక గుండ్రం గీసి చూపించాడు. అప్పుడు కనబడింది, కొబ్బరికాయంత గుడ్డు అడ్డంగా తెగినట్టు, చుట్టూ బియ్యపు గింజ మందాన పెంకు అంచు. ఒకసారి కన్ను పట్టుకున్నాక ఆ పక్కన ఇంకొకటి, దాని పక్కన మరొకటి. నేను అక్కడే కింద కూర్చుండిపోయాను. తోటి టీచర్లు టీకి పిలుస్తున్నా లేవబుద్ధి కాలేదు.

వాడికి రాజాసారస్ పేరు ఈపాటికే తెలిసి ఉంటుంది. 1980ల మొదట్లో ఆ నేలలోనే తీసిన ఎముకలకు 2003లో రాజాసారస్ నర్మదెన్సిస్ అని పేరు పెట్టారు. నెత్తి మీద చిన్న కొమ్ము ఉన్న మాంసాహారి. "అదీ కోటాసారస్సూ కొట్లాడుకుంటే ఎవరు గెలుస్తారు?" అని అడుగుతాడు చూడు, మా క్లాసులో ప్రతి ఏడాదీ ఎవడో ఒకడు ఇలాంటిది అడిగేవాడు. అవి ఎదురుపడే అవకాశమే లేదని చెప్పు. కోటాసారస్ దాదాపు 18 కోట్ల ఏళ్ళ నాటిది, రాజాసారస్ ఆరున్నర, ఏడు కోట్ల మధ్యది. అంటే రాజాసారస్‌కు కోటాసారస్ కంటే మనమే దగ్గర! ఒక తాడు పరిచి, ముడులు వేసి చూపించు. పిల్లల ముఖాలు ఎలా మారతాయో నేను చూశాను.

అందుకే రైలెక్కే ముందు ఒక ఆదివారం వాడిని బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకుపో. హైదరాబాద్‌లో ఇన్నేళ్ళుండి ఇంకా చూపించలేదంటే నాకు కోపం వచ్చింది, దాచుకోను. ఆ తాత "పట్నం తీస్కపోయిండ్రు" అన్న కోటాసారస్ బొక్కలే అక్కడున్నవి. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు దొరికితే వాటినుంచి ఒక అస్థిపంజరం నిలబెట్టారు. పుర్రె మాత్రం దొరకలేదు, అక్కడ ఉన్న తల తయారుచేసి పెట్టింది. వేదుకు ఆ మాట కూడా చెప్పు, దాచకు. ఏది దొరికింది, ఏది మనుషులు ఊహించి పెట్టారు అన్న తేడా తెలిస్తే వాడికి రయ్యోలిలో రాతి ముక్క కూడా పెద్దగా కనబడుతుంది.

రవిని నేను అక్కడికి తీసుకుపోయేసరికి వాడికి పంతొమ్మిదేళ్ళు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ పని మీద వచ్చి, రైలుకు టైముందని లోపలికి పోయాం. వాడు దాని కాళ్ళ దగ్గర నిలబడి చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయాడు. నేనేం మాట్లాడలేదు. బయటకొచ్చి మెట్లు దిగుతుంటే "మెడ నేను గీసినంత పొడుగు లేదమ్మా" అన్నాడు. పదకొండేళ్ళ తర్వాత!

ఇంకొకటి. రయ్యోలిలో చిన్న గులకరాయి కూడా జేబులో వేసుకోనివ్వకు. పిల్లవాడు ముద్దుగా అడిగితే నువ్వు కరిగిపోతావు, నీ సంగతి నాకు తెలుసు. చూసింది గీసుకోమను.

ఆ లాంగ్ నోట్‌బుక్ నా బీరువాలోనే ఉంది. మొన్న తీసి చూస్తే ముందు పదహారు పేజీల నిండా బొమ్మలు, వెనకంతా ఖాళీ. రాత్రి రవికి ఫోన్ చేసి అడిగాను, వేదుకు ఇవ్వనా అని. "ఇవ్వమ్మా, మెడ కొంచెం పొట్టిగా గీయమని చెప్పు" అన్నాడు. ఈ ఉత్తరంతో పాటే పార్సిల్ చేస్తున్నాను. అట్ట ఊడిపోయేలా ఉంది, నువ్వే ఒకసారి కుట్టి వాడి చేతికివ్వు.

టికెట్లు ఏ తారీఖుకు చేయించారో ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ