4 దగ్గర ఆగని లూప్

మీ ప్రోగ్రాంలో లూప్ (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేసే కోడ్ భాగం) ఆగడం లేదన్నారు కదా. కోడ్‌లో పెద్ద తప్పేమీ లేదండీ, చిక్కంతా 4తోనే. సంఖ్య స్థానంలో దాని ప్రధాన కారణాంకాల మొత్తం పెడుతూ, ప్రధాన సంఖ్య వచ్చేదాకా తిప్పుతున్నారు. 4 అంటే 2×2, మొత్తం 2+2, మళ్ళీ 4! ఇక లూప్ ఆగేదెప్పుడు?

ఒకే కారణాంకం మళ్ళీ వస్తే ఒక్కసారే కలపాలేమో అని అడిగారు. వద్దు. మీరిచ్చిన ప్రశ్నలోని శాంపిల్‌లోనే (నమూనా ఉదాహరణలోనే) జవాబుంది: 15కి 3+5=8, 8కి 2+2+2=6, 6కి 2+3=5. ఒక్కసారే కలిపితే 8 నేరుగా 2 అయిపోతుంది, శాంపిల్‌లోని 5 రాదు.

కాబట్టి ప్రధాన సంఖ్యా కాదా అన్న పరీక్ష తీసేయండి. కొత్త మొత్తం పాత సంఖ్యతో సమానమైతే ఆపేయండి, చాలు. ప్రధాన సంఖ్యకు మొత్తం అదే సంఖ్య కనుక అదీ ఇందులోనే కలిసిపోతుంది. 4 తప్ప మిగతా సంయుక్త సంఖ్యలన్నిటికీ మొత్తం కచ్చితంగా తగ్గుతుంది, ఇంకెక్కడా ఇరుక్కోదు. 4కి ఏం ప్రింట్ చేయాలో మాత్రం ప్రశ్నలో మరోసారి చూసుకోండి.

అన్నట్టు, కారణాంకాల కోసం సంఖ్య వర్గమూలం వరకే భాగించి చూస్తున్నారు కదా, చివర్లో 1 కంటే పెద్దది మిగిలితే దాన్నీ కలపండి. 14లో 2 పోగా మిగిలే 7 అలాంటిదే.