మూడున్నరేళ్ల పాపకు కంప్యూటర్ మీద రంగులు నేర్పడం ఎలా?

పాప ఎరుపు, నీలం టక్కున చెప్పేస్తోంది, పసుపు, ఆకుపచ్చ దగ్గర తడబడుతోంది, కంప్యూటర్‌లో ఏదైనా ఉపాయం ఉందా అని అడిగారు. ఉంది. కానీ ముందు మన మాట సరిచేసుకోవాలి. పచ్చగడ్డీ పచ్చే, పచ్చకామెర్లూ పచ్చే! ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? కొన్నాళ్లు ఒట్టి ‘పచ్చ’ మానేసి ‘పసుపు’, ‘ఆకుపచ్చ’ అని విడివిడిగా పలకండి.

జీకాంప్రిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రంగు పేరు విని ఆ రంగు బాతును నొక్కే ఆట ఉంది. అది ఏ భాషలో చెప్పినా మీరు వెంటనే తెలుగులో చెప్పండి. నాకైతే బొమ్మలు గీసి రంగులు వేసే టక్స్ పెయింట్ ఇంకా నచ్చింది, అదీ ఉచితమే. అమలాపురంలో మా వాడికి అందులో కొబ్బరిచెట్టు గీసిచ్చాను. మట్టలన్నిటికీ ఎరుపు పూసి ‘తాతయ్య చెట్టు’ అన్నాడు. దిద్దలేదు. ‘ఎర్రగా వేశావే, మన చెట్టు ఎలా ఉందో చూద్దామా?’ అని పెరట్లోకి తీసుకెళ్లాను. తిరిగొచ్చి వాడే మార్చాడు.

బాతుల ఆటలో పసుపు ఒక్కటే ఛాయ. కడియం నర్సరీలో బంతిపూల ముందు నిలబెడితే ఎన్ని పసుపులో! అందుకే ఆట అవగానే అదే రంగు వస్తువు ఇంట్లో వెతికించండి. అన్నట్టు, నైట్ మోడ్ ఆపేయండి, అది ఉంటే తెలుపు కూడా పసుపుగా కనిపిస్తుంది.

ఈ వయసుకు మొత్తం స్క్రీన్ రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రంగుల ఆటకు పది నిమిషాలు చాలు.