ఆ ఖాళీ గడే మీ సాక్ష్యం, దాన్ని ముట్టుకోకండి

ప్రశ్న: మా అమ్మ పోయి మూడేళ్ళయింది. ఆమె ఫొటోలు, చివరి రోజుల్లో మాట్లాడిన మాటల రికార్డింగులు నా ఆండ్రాయిడ్ ఫోన్లోనే ఉండేవి. డిస్‌ప్లే పగిలితే కంపెనీ అధీకృత సర్వీసు సెంటర్లో ఇచ్చి, వాళ్ళిచ్చిన జాబ్ షీట్ (రిపేరు వివరాల కాగితం) తీసుకున్నాను. లాక్ ప్యాటర్న్ అడిగారు, చెప్పలేదు. రెండు రోజుల తర్వాత డబ్బు కట్టి తెచ్చుకుని ఇంట్లో ఆన్ చేస్తే కొత్త ఫోన్‌లా భాష ఎంచుకోమంది, తర్వాత పాత గూగుల్ ఖాతా అడిగింది. లోపల ఏమీ లేదు. ఆ సాయంత్రమే మెయిల్ పెట్టాను. ‘డేటాకు బాధ్యత లేదని జాబ్ షీట్ వెనక ఉంది, మీరు సంతకం చేశారు’ అన్నారు. కంపెనీకి రాస్తూనే ఉన్నాను, ‘పరిశీలిస్తున్నాం’ అంటారు. 20 నెలలు గడిచాయి. జాబ్ షీట్లో ‘డేటా తొలగించడానికి అంగీకారం’ అన్న గడి ఖాళీగా ఉంది. అందులో ‘డేటా చెరపవద్దు’ అని మనమే రాసేద్దాం అంటున్నాడు మా బావమరిది. ఒక రికవరీ షాపువాళ్ళు ఫోన్ విప్పి అన్నీ తీసిస్తామంటున్నారు. గోప్యత ప్రాథమిక హక్కు కదా, టెక్నీషియన్ మీద క్రిమినల్ కేసు పెట్టొచ్చా? అమ్మ గొంతుకు వెల కట్టలేను. వీళ్ళకు బుద్ధి చెప్పాలి.

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే మాటలు రెండే. ఒకటి, జాబ్ షీట్లో ఆ గడి ఖాళీగా ఉండటం. రెండు, ఇంటికొచ్చాక ఫోన్ పాత గూగుల్ ఖాతా అడగటం. రెండోదాన్ని మీరు మాటవరసకి రాసినట్టున్నారు. అమ్మగారి గొంతు సంగతి పరిహారం లెక్క కట్టేటప్పుడు వస్తుంది. అంతకన్నా ముందు వినియోగదారుల కమిషన్ (కన్స్యూమర్ కోర్టు) అడిగేది ఒక్కటే: ఈ ఫోన్‌ను రీసెట్ చెయ్యమని, అంటే అంతా చెరిపి కొత్తదానిలా చెయ్యమని, ఎవరు చెప్పారు?

ముందు మీ బావమరిది సలహా. ఆ కాగితం మీద ఒక్క అక్షరం రాశారా, గెలిచే కేసును మీ చేతులతో మీరే పాడుచేసుకున్నట్టే. జాబ్ షీట్ సర్వీసు సెంటరు కంప్యూటర్లో పుట్టిన కాగితం. అదే నంబరుతో ఇంకో ప్రతి వాళ్ళ దగ్గర ఉంటుంది, అందులో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టిన రోజున వాళ్ళు రీసెట్ గురించి మాట్లాడటం మానేసి మీ చేతిరాత గురించి మాట్లాడతారు. పైగా అది నేరం. వినియోగదారుల కమిషన్ ముందు నడిచేదాన్ని చట్టం న్యాయ విచారణగానే లెక్కిస్తుంది. అక్కడ వాడటానికి తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు.

అసలు రాయాల్సిన అవసరం ఏముంది? మీరు ‘చెరపవద్దు’ అన్నారని నిరూపించే భారం మీది కాదు. ‘చెరపండి’ అన్నారని చూపించాల్సింది వాళ్ళు. అంగీకారం కోసం వాళ్ళే ఒక గడి అచ్చు వేసుకున్నారు. అంటే అనుమతి లేకుండా చెరపకూడదని వాళ్ళకు తెలుసు. అయినా దాన్ని ఖాళీగా వదిలేసి రీసెట్ చేశారు. ఇంతకంటే మంచి కాగితం మీరు కోరుకున్నా దొరకదు. అసలు ప్రతిని ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. పంచ్ చెయ్యకండి, లామినేషన్ చేయించకండి. జిరాక్సులు తీసి వాటినే వాడండి.

ఇక వెనక వైపు నిబంధన. ‘డేటా నష్టానికి బాధ్యత లేదు’ అన్న వాక్యం చూసి చాలామంది అక్కడే చల్లబడిపోతారు. అప్పగించిన పని చేస్తుండగా, జాగ్రత్త తీసుకున్నా డేటా పోతే ఆ వాక్యం వాళ్ళను కాపాడొచ్చు. ఫోన్ లోపలి మదర్ బోర్డు మార్చాల్సి వచ్చిందనుకోండి, అప్పుడు డేటా పోవటం ఆ పనిలో భాగమే. మీ జాబ్ షీట్లో ఫిర్యాదు గడిలో ఉన్నది డిస్‌ప్లే పగలటం. డిస్‌ప్లే మార్చడానికి మెమరీ చెరపక్కర్లేదు. అడగని పని చేసి, దాని ఫలితాన్ని నిబంధన వెనక దాచుకుంటామంటే కుదరదు. రిపేరుకిచ్చిన వస్తువును తన సొంత వస్తువులా చూసుకోవాల్సిన బాధ్యత తీసుకున్నవాడిదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది.

వాళ్ళ వాదన ఎలా ఉంటుందో ఊహించవచ్చు. ‘ప్యాటర్న్ ఇవ్వలేదు, టచ్ పనిచేస్తోందో లేదో పరీక్షించాలి కాబట్టి రీసెట్ చేశాం.’ లేదా ఇంకా తెగిస్తే, ‘మేము చెయ్యలేదు, కస్టమరే చేసుకున్నాడు.’ మొదటిదానికి జవాబు: జాబ్ షీట్ మీద మీ ఇంకో నంబరు రాసి ఉంటుంది, ఒక్క ఫోన్ కాల్ చాలు. మీ ఎదుట లాక్ తీయించి పరీక్షించుకోవచ్చు. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ లాంటివి వచ్చిందే డేటా జోలికి పోకుండా రిపేరు చెయ్యటానికి. మీ మోడల్లో అలాంటిది ఉంటే, ఇచ్చే రోజున దాన్ని ఆన్ చెయ్యమని వాళ్ళు చెప్పలేదన్నది కూడా ఫిర్యాదులో రాయండి.

రెండో వాదనకు జవాబే ఆ గూగుల్ ఖాతా తెర. లాక్ తెలిసిన మనిషి సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రీసెట్ చేస్తే ఫోన్ సాధారణంగా పాత ఖాతా అడగదు. లాక్ తెలియనివాడు పక్కనున్న బటన్లు నొక్కిపట్టి రికవరీ మెనూలోంచి చెరిపితేనే, ఇది దొంగ చేతిలో పడిందేమోనని ఫోన్ అనుమానించి, అంతకుముందున్న ఖాతాతో సైన్ ఇన్ చెయ్యమంటుంది. అంటే చెరిపినవాడికి ప్యాటర్న్ తెలియదు. మీకు తెలుసు. ఆ తెరను ఫొటో తీశారో లేదో మీరు రాయలేదు. ఆ రోజు బాధలో కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టే ఉంటారు, వెతకండి. దొరికితే ఆ ఫొటో ఏ ఫోన్‌తో తీశారో ఆ ఫోన్‌ను మార్చకుండా, అమ్మకుండా ఉంచండి. దొరక్కపోతే మీ జీమెయిల్లో ఆ తేదీకి వెళ్ళండి. కొత్తగా సైన్ ఇన్ జరిగిందని గూగుల్ పంపిన హెచ్చరిక మెయిల్ ఉండొచ్చు. దాని తేదీ, సమయం, మీరు ఆ సాయంత్రం పెట్టిన ఫిర్యాదు మెయిల్, డెలివరీ బిల్లు మీద సమయం, మూడూ ఒకే రోజున పడితే కస్టమరే చేసుకున్నాడన్న కథ నిలవదు.

డిజిటల్ సాక్ష్యం ప్రింటు తీసి జతచేస్తే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియం 63(4) సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచెయ్యాలి. అందులో మొదటి భాగం మీరు నింపేది, రెండో భాగం నిపుణుడు నింపేది. ఫైలు హ్యాష్ విలువ (ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) రెండిట్లోనూ రాయాలి. కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరం అక్షరం పట్టుకోవన్నది నిజమే, కానీ అవతలి లాయరు పట్టుకుంటాడు. సర్వీసు సెంటరువాళ్ళతో మాట్లాడిన కాల్ రికార్డింగు ఉంటే అదీ ఇంతే. రికార్డయిన ఫోన్లోనే అసలు ఫైలు ఉంచండి. ముందూ వెనకా కత్తిరించి ‘ముఖ్యమైన ముక్క’ తయారుచెయ్యకండి.

రికవరీ షాపు సంగతి. వద్దు. ఇప్పటి ఫోన్లలో మెమరీ అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలో ఉంటుంది. రీసెట్ చేస్తే ఫొటోలను ఒక్కొక్కటిగా చెరపదు, వాటిని తెరిచే తాళంచెవినే నాశనం చేస్తుంది. చెవి పోయాక లోపల మిగిలిన బిట్లు ఎవరికీ పనికిరావు. మెమరీ కార్డులో చెరిపిన ఫొటోలు వెనక్కొస్తాయి కదా అంటారు. అది వేరే సంగతి, అక్కడ సాధారణంగా ఎన్‌క్రిప్షన్ ఉండదు. పైగా ఆ షాపువాడు మీ ఫోన్ విప్పిన మరుక్షణం ‘మా తర్వాత ఇంకెవరో విప్పారు’ అని చెప్పుకునే వీలు సర్వీసు సెంటరుకి దొరుకుతుంది. ఈ ఫోన్‌ను మళ్ళీ రీసెట్ చెయ్యకండి, ఎక్స్ఛేంజిలో ఇచ్చేయకండి.

ఇప్పుడు మిమ్మల్ని కోప్పడాల్సిన విషయం. 20 నెలలు ఏం చేస్తున్నారు? వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. అది మొదలైంది ఖాళీ ఫోన్ మీ చేతికొచ్చిన రోజున. కంపెనీ ‘పరిశీలిస్తున్నాం’ అన్న ప్రతిసారీ గడువు కొత్తగా మొదలవుతుందనుకుంటున్నారేమో. మొదలవదు. మీ మెయిల్ వల్లా కాదు, వాళ్ళ మెయిల్ వల్లా కాదు, లాయరు నోటీసు వల్లా కాదు, 1915 హెల్ప్‌లైన్లో ఫిర్యాదు నమోదు చేసినా కాదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, తగిన కారణం చూపాలి, దాన్ని కమిషన్ రాతపూర్వకంగా నమోదు చెయ్యాలి. ‘జవాబిస్తారని ఎదురుచూశాను’ అన్నది బలమైన కారణం కాదు. మీకు నాలుగు నెలలుంది. దాన్ని రెండు నెలలే అనుకోండి, ఎందుకంటే లోపాలున్నాయని ఫిర్యాదు తిరిగొస్తే సరిచేసి మళ్ళీ వెయ్యడానికి సమయం కావాలి.

ఈ వారమే కంపెనీకీ సర్వీసు సెంటరుకీ రిజిస్ట్రేషన్ సౌకర్యంతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పరిహారం మాట రెండు వాక్యాల్లో ముగించండి. అసలు అడగాల్సింది: ఈ జాబ్ షీట్ నంబరు మీద ఉన్న సర్వీసు లాగ్ (ఏ పని ఎప్పుడు చేశారన్న కంప్యూటర్ నమోదు), టెక్నీషియన్ ఎంట్రీలు, మార్చిన భాగాల వివరం, సాఫ్ట్‌వేర్ మార్పుల రికార్డు, కౌంటరు సీసీటీవీ ఉంటే అదీ, అన్నీ చెరపకుండా భద్రపరచమని. సీసీటీవీ ఈపాటికి ఉండదు. లాగ్ ఉండొచ్చు. నోటీసు అందాక చెరిపేస్తే ఆ చెరపటమే వాళ్ళకు వ్యతిరేకంగా వాదనవుతుంది. తర్వాత వాటిని తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది.

ఫిర్యాదు మీరు ఉంటున్న జిల్లా కమిషన్లోనే వెయ్యొచ్చు, సర్వీసు సెంటరున్న ఊరికి పోనక్కర్లేదు. ఇ-జాగృతి పోర్టల్లో ఇంటినుంచే దాఖలు చెయ్యొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. ఏ కమిషన్ అన్నది మీరు చెల్లించిన సొమ్మును బట్టి తేలుతుంది, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. చెల్లించింది 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కంపెనీని, సర్వీసు సెంటరును ఇద్దరినీ ఎదుటి పక్షాలుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే తప్పు రెండోవాడిదంటారు.

ఇక్కడ చాలామంది బోల్తా పడే మెలిక ఒకటుంది. వెనక వైపు నిబంధన మీద కోపంతో ‘ఇది అన్యాయమైన ఒప్పందం, కొట్టేయండి’ అని రాయకండి. అన్యాయ ఒప్పందాల ఫిర్యాదులు వినే అధికారం రాష్ట్ర కమిషన్‌కూ పైకీ ఉంది, జిల్లా కమిషన్‌కు లేదు. ఆ ఒక్క పేరాతో మీ ఫిర్యాదు వెనక్కొచ్చి, గడువు దాటిపోవచ్చు. ‘సేవాలోపం’ అని రాయండి. వినియోగదారుల రక్షణ చట్టం 2(11) సెక్షన్లో నిర్లక్ష్యంతో నష్టం కలిగించటమూ, తెలిసిన సమాచారాన్ని కావాలని దాచటమూ రెండూ సేవాలోపం కిందికే వస్తాయి. ఫిర్యాదు ప్రతితో నోటీసు అందిన నాటి నుంచి జవాబుకు వాళ్ళకుండేది 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15. ఆపైన ఒక్క రోజు కూడా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. 46వ రోజున జవాబొస్తే అభ్యంతరం చెప్పటం మర్చిపోకండి.

క్రిమినల్ కేసు గురించి: అనుమతి లేకుండా సమాచారం చెరిపితే ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 43వ సెక్షన్ తగులుతుంది, కానీ అది పరిహారం సెక్షన్. అదే చట్టం 66వ సెక్షన్ కింద నేరం కావాలంటే నిజాయతీ లేని ఉద్దేశమో, మోసమో చూపాలి. టచ్ పరీక్షించాలనే తొందర నిర్లక్ష్యం, మోసం కాదు. ఠాణా చుట్టూ తిరిగి ఉన్న నాలుగు నెలలూ పోగొట్టుకోకండి. 43 కింద పరిహారం రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు కూడా అడగొచ్చు. ఒకే నష్టానికి రెండుచోట్లా తిరగటం మాత్రం వద్దు. గోప్యత 2017 నుంచి ప్రాథమిక హక్కే, కాదనను. అయితే మీ ఫొటోలు ఎవరో చూశారన్నది మీ ఫిర్యాదు కాదు, పోయాయన్నది మీ ఫిర్యాదు. కొత్త డేటా రక్షణ చట్టంలో 250 కోట్ల దాకా జరిమానా అని చదివి ఆశపడకండి. దాని నియమాలు వచ్చింది 2025 నవంబరులో, ముఖ్యమైన బాధ్యతలు మొదలయ్యేది ఆ తర్వాత 18 నెలలకు. జరిమానా వసూలైనా పోయేది ప్రభుత్వ ఖజానాకే.

పరిహారానికి ‘వెల కట్టలేను’ అని రాస్తే కమిషన్ కూడా కట్టలేదు. ఏం పోయిందో చూపండి. అమ్మగారి ఫొటోలు, రికార్డింగులు ఆ ఫోన్లో ఉండేవనడానికి ఆధారం ఏది? మీరు అక్కకో చిన్నాన్నకో పంపిన వాయిస్ మెసేజ్‌లు వాళ్ళ ఫోన్లలో ఉండొచ్చు. తేదీలతో తీయించి, వాళ్ళ చేత అఫిడవిట్ రాయించండి. విచారణ ప్రధానంగా అఫిడవిట్లూ కాగితాల మీదే నడుస్తుంది. వాళ్ళు పాత ఫోన్లు మార్చేలోపు ఇవాళే అడగండి, కొన్ని రికార్డింగులు నిజంగానే దొరకొచ్చు. బ్యాకప్ ఎందుకు పెట్టుకోలేదని అవతలివాళ్ళు తప్పక అడుగుతారు. దానికి మీ దగ్గర మంచి జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఆ కారణంగా పరిహారం తగ్గొచ్చు, కేసు పోదు.

నోటీసు అందాక కంపెనీ నుంచి ఫోన్ రావచ్చు, కొత్త ఫోన్ ఇస్తామనో కూపన్ ఇస్తామనో. తీసుకోవటం మీ ఇష్టం. కాకపోతే దానితోపాటు సంతకానికి వచ్చే కాగితంలో ‘పూర్తి, తుది పరిష్కారంగా’ అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే సంతకంతో కేసు అక్కడితో సరి. రాజీ ఇష్టం లేకపోతే ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా ఫిర్యాదు దాఖలు చెయ్యండి.